సుద్దముక్క ఎవరి చేతిలో

చిలోయే దీవిలో జూలై అంటే చలికాలం.
రేవు గదిలో కట్టెలపొయ్యి మీద కెటిల్ సణుగుతోంది,
రేకుల మీద వాన తన లెక్క తాను చెప్పుకుంటోంది.
బయట కొత్తగా బిగించిన వెలుగుల బోర్డు
అవతలి ఒడ్డు నుంచి పడవ వచ్చే వేళ చూపించాల్సింది,
మూడు రోజులుగా ఒకటే మాట చూపిస్తోంది:
అన్‌డిఫైన్డ్.

ఆల్చిప్పల గంప మోసుకొచ్చిన ఆవిడ అడిగింది,
"ఇది ఏ కంపెనీ పడవ?
టికెట్టు ఎంత?"

నోయేలియా నవ్వలేదు. కోడ్ ఆమెది.
పైనుంచి కిందికి వందసార్లు చదివింది.
వేళ అనే ఖాళీ గిన్నె ఒకటి పెట్టు.
అవతలి ఒడ్డు సర్వర్‌ని అడుగు, జవాబు రాగానే గిన్నెలో వెయ్యి.
గిన్నెలో ఉన్నది బోర్డు మీద చూపు.
కట్టె, కొట్టె, తెచ్చె అన్నంత తిన్నగా ఉంది కదా,
ఇందులో తప్పేముంది?

తిన్నగా ఉన్నది కాగితం మీదే.
ఈ భాషకి ఉన్నది ఒకటే చెయ్యి,
ఎవరికోసమూ గుమ్మంలో నిలబడదు.
అడగడం క్షణంలో అయిపోతుంది,
జవాబు మాత్రం నీళ్ళు దాటి రావాలి.
కబురు ఇంకా గడప దిగకముందే
కింది వరుస వచ్చి గిన్నె బోర్లించేస్తుంది.
ఆలూ లేదు, చూలూ లేదు,
బోర్డు మీద సోమలింగం.

మొదట రిటర్న్ అని రాసి చూసింది.
లోపలి ఫంక్షన్ బుద్ధిగా జవాబు తిరిగిచ్చింది,
పుచ్చుకోవడానికి అక్కడ ఎవరూ లేరు,
అడిగినవాడు ఎప్పుడో వెళ్ళిపోయాడు.
తర్వాత, రెండు సెకన్లు ఆగమని రాసింది.
మంగళవారం ఎండ కాసింది, బోర్డు పలికింది:
తొమ్మిదీ నలభై.
ఆ రాత్రి ఆమె ఒక రొట్టె ఎక్కువ తింది.
బుధవారం వాన. జవాబుకి మూడో సెకను పట్టింది.
మళ్ళీ అదే పడవ.

వాల్దీవియా నుంచి స్నేహితుడు ఫోన్‌లో అన్నాడు,
"ఆవెయిట్ అని ఒక్క మాట రాయి, చాలు."
రేవులోని మిషన్ పాతది,
ఆ మాట దానికింకా ఎవరూ నేర్పలేదు.

టికెట్ల కిటికీ దగ్గర ఎలెయుతేరియో ముసలాయన
వేళ్ళు పొయ్యికి చూపిస్తూ మొదలుపెట్టాడు:
"మా రోజుల్లో అక్కడ నల్లబల్ల ఉండేది.
తీతో అనే కుర్రాణ్ణి కొండ కొమ్ముకి పంపేవాణ్ణి,
పడవ కనబడిందేమో చూసి రమ్మని.
వాడటు వెళ్ళగానే సుద్దముక్క పట్టుకుని
బల్ల ముందు నిలబడేవాణ్ణి.
జనం చూస్తుంటే ఊరుకోలేక ఏదో ఒకటి గీకేవాణ్ణి.
ఏడాదిపాటు తిట్లు తిన్నాక తెలిసింది."

"ఏం తెలిసింది?"

"సుద్దముక్క వాడికే ఇచ్చి పంపాలని.
ఎప్పుడొస్తే అప్పుడు, చూసొచ్చినవాడే రాస్తాడు.
ఈలోగా నా టికెట్లు నేను చింపుకుంటాను."

కెటిల్ ఈలవేసింది. ఎవరూ లేచి దించలేదు.
నోయేలియా ఆ ఆఖరి వరుసని,
'బోర్డు మీద చూపు' అన్నదాన్ని, కత్తిరించి
కాల్‌బ్యాక్ కడుపులో, రెండు బ్రాకెట్ల మధ్య, అతికించింది.
వేళ ఎక్కడ పుడితే అక్కడే దానితో పని.
బయటికి మోసుకొచ్చే గిన్నె ఎందుకిక?
దాన్ని చెరిపేసింది.

ముసలాయన మాట ఇంకా అయిపోలేదు.
"ఒకసారి తీతో జారిపడి మోకాలు చీరుకుని వచ్చాడు.
అంతా మంచు, ఏమీ కనబడలేదు అన్నాడు.
అదే రాయరా అన్నాను.
ఆ రోజు ఎవరూ తిట్టలేదు.
ఎవరో వాడికి వేడి పాలు తెచ్చారు కూడా."

ఆమె వేళ్ళు మీటల మీద ఆగాయి.
జవాబు రావడం ఒక్కటే తెలుసు తన ఫంక్షన్‌కి,
ఉత్త చేతుల్తో రావడం నేర్పనేలేదు.
ఇంకో వరుస రాసింది, రెండుసార్లు మార్చి రాసింది.

మధ్యాహ్నానికి మంచు నీళ్ళ మీదికి దిగింది.
బోర్డు కాసేపు నల్లగా ఉండి, వెలిగింది:
అవతలి ఒడ్డు ఇంకా పలకలేదు.

ఆల్చిప్పల ఆవిడ పైకి చదువుకుంది.
"సరే, తెలీదంట" అంది,
గంప దించి
పొయ్యి దగ్గర చోటు అడిగింది.